పిండి కలిపే మిషన్ ఎవరి ఖాతాలో రాయాలి?

మా కాలనీలో ఇప్పుడు ఆర్డర్ మీద కేకులు చేసిచ్చే ఆడవాళ్లు ముగ్గురున్నారు. పదేళ్ల కింద నిజామాబాద్‌లో మాకు పుట్టినరోజు కేకంటే బేకరీకి పోయి, పేరు రాయించి, సాయంత్రం డబ్బా తెచ్చుకోవడమే. ఇప్పుడు నాలుగిళ్లు దాటితే చాలు. ఇక అమ్మడానికి కాకుండా ఊరికే పిల్లల కోసం చేసుకునేవాళ్లు ఎందరో. వీళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు నన్ను అడిగే మాట ఒకటే: "స్టాండ్ మిక్సర్ కొందామనుకుంటున్నా, ఏది మంచిది?" అడుగుతూనే ఫోన్ తీసి నాలుగు బొమ్మలు చూపిస్తారు. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. ఒకటి 1000 వాట్లు, ఇంకోటి 1500 వాట్లు. ఒకదాని మీద ఆఫర్ ఈ రాత్రికే అయిపోతుంది.

నా అభిప్రాయం దాచుకోకుండా ముందే చెప్తాను. వాట్లు చూసి కొనకండి, రంగు చూసి కొనకండి, ఆఫర్ చూసి అసలే కొనకండి. వారానికి మీరు ఎంత పిండి కలుపుతారు, అది చెడిపోతే మన ఊళ్లో ఎవరు బాగుచేస్తారు, ఈ రెండూ చూసి కొనండి. ఆ లెక్కలో అవసరం లేదని తేలితే హాయిగా మానెయ్యండి. అవసరమే అని తేలితే మాత్రం, ఆ మిషన్‌ను "నీ సరదా" అనే ఖాతాలో ఎవరినీ రాయనివ్వకండి. అది ఇంటి పనిముట్టు. సాగుకు మోటరు ఎట్లనో, ఆ వంటింటికి అదీ అట్లనే.

మోటరు మాట ఊరికే అనలేదు. మా అన్నావాళ్లది బోధన్ దగ్గర ఊరు. వదిన నాలుగేళ్లుగా కేకులు చేస్తుంది. మొదట్లో చుట్టాలకు, తర్వాత ఊళ్లోవాళ్లకు, ఇప్పుడు బోధన్ టౌన్ నుంచి కూడా అడుగుతారు. మామూలు వారంలో నాలుగైదు కిలోల కేకులు. డిసెంబర్ 31 వచ్చిందంటే మాత్రం మన దగ్గర కేకు లేని ఇల్లుండదు కదా, ఆ ఒక్కరోజే 14 కేకులు. అన్నీ చేత్తో పట్టుకునే హ్యాండ్ మిక్సర్‌తోనే. ఒక్కో కేకుకు గుడ్లు గిలకొట్టడానికి 10 నిమిషాలు, క్రీమ్‌కు 5 నిమిషాలు అనుకున్నా, 14 కేకులకు 210 నిమిషాలు. అంటే మూడున్నర గంటల పాటు వణికే మిషన్‌ను చెయ్యి లేపి పట్టుకుని నిలబడాలి. మరునాడు ఆ చేత్తో జడ వేసుకోలేకపోయేది.

స్టాండ్ మిక్సర్ మాట ఎత్తితే అన్న అన్నాడు: "చేతి మిషన్ ఉన్నది గద, ఇంక అదెందుకు?" వదిన నెమ్మదిగానే అంది: "మొన్న బోరు మోటరు కాలినప్పుడు, ఇంకెందుకు మోటరని నేను అడిగిన్నా?"

అన్న చెడ్డవాడు కాదు. ఆ మాటకు నవ్వి ఊరుకున్నాడు కూడా. కానీ ఆ ఒక్క ప్రశ్నలో ఇంటి లెక్కంతా ఉంది. మోటరు కాలితే ఆ సాయంత్రమే పైసలు పుడతాయి. అది సరదా అని ఎవరూ అనరు. పొలం పని పని, వంటింటి పని ప్రేమ. ప్రేమకు మిషన్ ఎందుకంటారు!

అసలు ఈ మిషన్ ఎట్లా పుట్టిందో తెలిస్తే ఈ మాట అనేవాళ్లు తగ్గుతారేమో. 1908లో అమెరికాలో హర్బర్ట్ జాన్‌స్టన్ అనే ఇంజనీరు, ఒక బేకరీలో మనిషి ఇనుప గరిటెతో పిండి కలుపుతూ పడే అవస్థ చూశాడట. మనిషి చేసే ఈ పనిని మిషన్ చేయలేదా అనుకున్నాడు. 1914 నాటికి హోబార్ట్ కంపెనీ బేకరీల కోసం 80 క్వార్ట్‌ల మిక్సర్ తయారుచేసింది. అంటే సుమారు 75 లీటర్లు పట్టే గంగాళం. తర్వాత అమెరికా నౌకాదళం ఓడల్లోని వంటశాలలకు అవే కొన్నది. మగవాళ్లు కూలికి పిండి కలిపినన్నాళ్లు దాన్ని అందరూ యంత్రం అనే అన్నారు. 1919లో అదే కంపెనీ దాన్ని చిన్నది చేసి, కిచెన్ఎయిడ్ అని పేరుపెట్టి ఇళ్లకు తెచ్చింది. 1930లో సన్‌బీమ్ వాళ్ల మిక్స్‌మాస్టర్, 1950లో ఇంగ్లండ్‌లో కెన్‌వుడ్ షెఫ్ వచ్చాయి. పని అదే, యంత్రం అదే. బేకరీ నుంచి ఇంటి గట్టు మీదికి రాగానే మన కళ్లకు సోకుగా కనిపించడం మొదలైంది, అంతే.

మన దేశంలో కూడా ఇట్లాంటి కథే ఒకటి ఉంది. 1960ల్లో ముంబైలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో విదేశీ మిక్సీ మన పప్పు, మన మసాలా రుబ్బలేక కాలిపోయింది. ఇక్కడ బాగుచేసేవాళ్లు లేరు. ఆ ఇంటావిడ నువ్వే ఒకటి చెయ్యరాదా అన్నదట. అట్లా సుమీత్ మిక్సీ పుట్టింది. మనలో చాలామంది అమ్మలు వాడిన మిక్సీ అదే. ఈ కథలోంచి మనం పట్టుకోవాల్సింది ఒకటుంది: ఏ మిషన్ అయినా దేని కోసం తయారైందో ఆ పనే బాగా చేస్తుంది. స్టాండ్ మిక్సర్ కేకు పిండికి, క్రీమ్‌కు, మెత్తటి బ్రెడ్ పిండికి తయారైంది. మన చపాతీ పిండి దానికన్నా గట్టిది. కాబట్టి "రోజూ చపాతీ పిండి కూడా కలుపుతుంది కదా" అని లెక్కవేసుకుని కొనకండి. అప్పుడప్పుడు కలుపుతుంది, కానీ పదిమంది ఇంటికి రోజూ రెండు పూటలా కలపమంటే గేర్లు మూలుగుతాయి.

ఇక ఏది కొనాలన్న దగ్గరికి వద్దాం. బోరుకు మోటరు కొనేటప్పుడు మా అన్న ముందు హెచ్‌పీ అడగడు. బోరు ఎన్ని ఫీట్లు, నీళ్లు ఎన్ని ఇంచులు, పొలం ఎంత దూరం, అవి తేల్చుకున్నాకే హెచ్‌పీ మాట. చెరకు ఫ్యాక్టరీ అయినా అంతే. 1937లో మొదలైన మన బోధన్ నిజాం షుగర్స్‌కు ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని పేరు. 2015 డిసెంబర్‌లో మూతపడింది. శక్కర్‌నగర్ పేరు మాత్రం మిగిలింది. అట్లాంటి ఫ్యాక్టరీని ఎవరైనా ఎన్ని హార్స్‌పవర్ అని అడుగుతారా? రోజుకు ఎన్ని టన్నుల చెరకు ఆడుతుంది అని అడుగుతారు. మిక్సర్‌నూ అదే అడగాలి: ఒకసారికి ఎన్ని గ్రాముల పిండి, ఎంతసేపు?

వాట్ల సంగతి ఇది. డబ్బా మీద రాసే వాట్లు ఆ మోటరు కరెంటు ఎంత తాగుతుందో చెప్తాయి, పిండిని ఎంత బలంగా తిప్పుతుందో చెప్పవు. ఆ బలం మోటరు తయారీలో, గేర్లలో ఉంటుంది. ప్రపంచమంతా పేరున్న కిచెన్ఎయిడ్ వాళ్ల వంచే తల మోడల్ 300 వాట్లదే. 1000 వాట్లని రాసిన మిషన్ దానికి మూడింతలు బలమైనదేం కాదు. అందుకని మాన్యువల్ తెరిచి చూడండి. ఒకసారికి గరిష్ఠంగా ఎంత మైదా వేయొచ్చో, ఎన్ని నిమిషాలకు ఆపి చల్లారనివ్వాలో అందులో ఉంటుంది. ఆ రెండంకెలు రాయని మిషన్‌ను నేనైతే కొనను. ఏ కంపెనీది అయినా పిండి ముద్దకు మాన్యువల్‌లో చెప్పిన స్పీడ్ దాటించకూడదు. స్పీడ్ పెంచితే పని తొందరగా కాదు, గేరు తొందరగా అరుగుతుంది.

రెండోది గిన్నె. మామూలుగా ఇళ్లకు నాలుగు, ఐదు లీటర్లవి వస్తాయి. పెద్దదైతే మంచిదే కదా అనుకుంటాం. కానీ ఐదు లీటర్ల గిన్నెలో రెండు గుడ్ల తెల్లసొన వేస్తే కొన్నింట్లో విస్క్‌కు అందదు, అడుగున ఊరికే కదులుతుంటుంది. మీరు ఎక్కువగా అరకిలో కేకులే చేసేవాళ్లయితే షాపులోనే చూడండి: తల కిందికి దించినప్పుడు విస్క్‌కు, గిన్నె అడుగుకు మధ్య సందు చాలా సన్నగా ఉండాలి, తగలకూడదు. కొన్నింటికి ఆ సందు సరిచేసుకునే మర ఉంటుంది. గిన్నె స్టీలుదే తీసుకోండి. ప్లాస్టిక్‌కు నూనె జిడ్డు పట్టుకుంటే ఎంత కడిగినా పూర్తిగా వదలదు, జిడ్డు ఉన్నచోట తెల్లసొన నురుగు కట్టదు.

మూడోది తిరిగే తీరు. మంచి స్టాండ్ మిక్సర్‌లో గిన్నె కదలదు. బీటర్ తన చుట్టూ తాను తిరుగుతూ గిన్నె చుట్టూ కూడా తిరుగుతుంది, భూమి సూర్యుడి చుట్టూ తిరిగినట్టు. దీన్నే ప్లానెటరీ అని రాస్తారు. హ్యాండ్ మిక్సర్‌నే స్టాండుకు బిగించి అమ్మేవి కూడా ఉన్నాయి. కేకులకు అవీ పనికొస్తాయి, బ్రెడ్ పిండికి మాత్రం చాలవు. మిషన్‌తో మూడు రావాలి: గుడ్లకు, క్రీమ్‌కు తీగల విస్క్, వెన్న, చక్కెర, కేకు పిండికి బల్లపరుపు బీటర్, బ్రెడ్ పిండికి కొక్కెం. బీటర్, కొక్కెం అల్యూమినియంవి అయితే జాగ్రత్తగా కడగండి. లేకపోతే నల్లబడతాయి, తర్వాత పిండికి ఆ మసి అంటుతుంది. మెత్తటి స్పాంజ్, వెంటనే తుడవడం, అంతే.

నాలుగోది చోటు. ఈ మిషన్లు ఐదారు కిలోల బరువుంటాయి. వాటి తల వెనక్కి వంచితే పై అరకు తగులుతుందో లేదో టేపు పెట్టి కొలవండి. గట్టు మీద ఎప్పుడూ ఉండే చోటు దొరికితేనే కొనండి. అటక మీదికి ఎక్కిన మిషన్ మళ్లీ సంక్రాంతికి కూడా దిగదు. ఇది మన ఇళ్లలో ఇడ్లీ గ్రైండర్ల దగ్గర చూసినదే.

కరెంటు మాట కూడా ఇక్కడే. ఓవెన్, మిక్సర్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టకండి. ఓవెన్ ఒక్కటే 1500 వాట్ల దాకా లాగుతుంది. ఇన్వర్టర్ మీద నడపకండి. మూడు పిన్నుల ప్లగ్, ఎర్తింగ్ ఉన్న చోటే వాడండి. తడిచేతులతో చేసే పని ఇది.

అయిదోది, నా దృష్టిలో అన్నింటికన్నా పెద్దది, రిపేరు. నిజామాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు 175 కిలోమీటర్లు. మిషన్ చెడిపోతే అంత దూరం మోసుకుపోవాలా, లేదా ఇక్కడే ఇచ్చి రావచ్చా? కొనేముందే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి అడగండి. విస్క్ విరిగితే విడిగా దొరుకుతుందా, కార్బన్ బ్రష్‌లు, గేరు దొరుకుతాయా అని కూడా అడగండి. బ్రష్‌లు అరగడం మామూలే, మిక్సీలు బాగుచేసే మనిషి కూడా మార్చగలడు, కానీ ఆ సైజు దొరకాలి కదా. చెరకు కొట్టాక ఒక్కరోజు ఆలస్యమైనా తీపి తగ్గుతుందని మనకు తెలుసు, అందుకే సీజన్‌లో ఫ్యాక్టరీ ఆగితే రైతు గుండె ఆగినంత పనవుతుంది. ఆర్డర్లు తీసుకునేవాళ్లకు డిసెంబర్ ఆఖరి వారం అట్లాంటిదే. ఆ వారం మిషన్ ఆగితే వారంటీ కాగితం గుడ్లు గిలకొట్టదు. అందుకే స్టాండ్ మిక్సర్ వచ్చాక కూడా పాత హ్యాండ్ మిక్సర్‌ను ఎవరికీ ఇచ్చెయ్యకండి.

మన ఎండల గురించి ఎవరూ ఏ డబ్బా మీదా రాయరు కనుక రెండు మాటలు. వెన్న, చక్కెర కలిపి గిలకొట్టేది గాలి పట్టడానికి. దానికి వెన్న 20 డిగ్రీల దగ్గర ఉండాలి, వేలు పెడితే దిగాలి కానీ మెరవకూడదు. మే నెలలో మన వంటింట్లో ఫ్యాను కింద కూడా 38 డిగ్రీలుంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పది పదిహేను నిమిషాలకే వెన్న జారిపోతుంది. అప్పుడు ఎంత ఖరీదైన మిషన్ అయినా నూనెనే తిప్పుతుంది. ఎండాకాలం పొద్దున్నే ఐదింటికి చేసుకోండి, స్టీలు గిన్నె, విస్క్ అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి. క్రీమ్‌కైతే ఇది తప్పనిసరి. మిషన్‌తో వచ్చే చిక్కు ఇంకోటి: చెయ్యి నొప్పి పుట్టదు కనుక ఆపడం గుర్తుండదు. క్రీమ్ నిమిషం ఎక్కువైతే పలుకులవుతుంది, మైదా వేశాక ఎక్కువ తిప్పితే కేకు గట్టిపడుతుంది. మైదా మాత్రం ఇప్పటికీ నేను గరిటెతోనే కలుపుతాను.

చక్కెర విషయంలో చక్కెర నాడువాళ్లం మనకు పలుకంటే ఏంటో చెప్పనక్కర్లేదు. మన కిరాణా చక్కెర పలుకు పెద్దది, వెన్నలో తొందరగా కరగదు. మిక్సీలో రెండు తిప్పులు తిప్పి సన్నరవ్వలా చేసుకోండి. పూర్తిగా పిండి చెయ్యకండి, ఆ సన్న పలుకుల అంచులే వెన్నలోకి గాలిని తీసుకుపోయేవి. ఈ ఒక్క పని చేస్తే హ్యాండ్ మిక్సర్‌తో కూడా సగం సమయంలో వెన్న తెల్లగా తేలుతుంది.

ఇక ఎవరు కొనక్కర్లేదో చెప్పాలి, అది చెప్పకపోతే నేనూ అమ్మేవాళ్లతో చేరినట్టే. ఏడాదికి నాలుగు పుట్టినరోజులకు కేకు చేసేవాళ్లకు చేతి విస్క్, కాస్త ఓపిక చాలు. ఎగ్‌లెస్ కేకులే చేసే ఇళ్లకు దాదాపు అవసరమే లేదు. అందులో పొంగు వచ్చేది పెరుగు, వంటసోడా కలిసినప్పుడు పుట్టే గాలితో, గిలకొట్టడంతో కాదు. నూనె వేసి చేసే కేకులూ అంతే, ఎంత తక్కువ కలిపితే అంత మెత్తన. వారానికో బ్రెడ్ చేసుకునేవాళ్లు పిండి కొంచెం పలుచగా కలిపి మూతపెట్టి వదిలెయ్యండి. పిసకడం చేసే పనిని సమయం కూడా చేస్తుంది. మధ్యలో రెండుమూడు సార్లు మడత పెడితే చాలు. వారానికి ఒకటి రెండు గుడ్ల కేకులు చేసేవాళ్లకు 1500 నుంచి 3000 రూపాయల్లో వచ్చే హ్యాండ్ మిక్సర్ సరిపోతుంది. ఇంకా కాటా లేనివాళ్లు ముందు కాటా కొనండి. 500 రూపాయల కాటా, ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్, ఈ రెండూ మీ కేకుకు చేసే మేలు పది వేల మిక్సర్ చెయ్యదు.

స్టాండ్ మిక్సర్ ఎవరికి కావాలంటే, వారానికి మూడు నాలుగు స్పాంజ్‌లు దాటినవాళ్లకు, బ్రెడ్, బన్నులు క్రమంగా చేసేవాళ్లకు, మణికట్టు, భుజం నొప్పులున్నవాళ్లకు. ఈ మూడోవాళ్ల గురించి ఎవరూ రాయరు. నలభైలు దాటాక మనలో ఎంతమందికి రాత్రి చేతివేళ్లు తిమ్మిరెక్కవు? ఏళ్ల తరబడి పిండి పిసికిన చేతులు. ఆ నొప్పి ఉన్నామె నెలకు రెండు కేకులే చేసినా సరే, ఆమెకు అది అవసరమే. నొప్పిని గ్రాముల్లో కొలవలేం కనుక లెక్కలోంచి తీసెయ్యకూడదు.

పైసల సంగతి. ఇళ్లకు పనికొచ్చే స్టాండ్ మిక్సర్లు ఏడెనిమిది వేల నుంచి మొదలవుతాయి, విదేశీ పేరున్నవి అర లక్ష దాకా పోతాయి. మా వదిన తొమ్మిది వేలు పెట్టి ఐదు లీటర్లది కొన్నది. బోధన్ నుంచి నిజామాబాద్ గంటలోపు దారి, ఇక్కడ సర్వీస్ ఉందని కనుక్కున్నాకే ఆ కంపెనీది తీసుకుంది. ఎట్లా కొన్నదంటే, ఒక్కో ఆర్డర్ మీద 100 రూపాయలు విడిగా డబ్బాలో వేసింది. 90 ఆర్డర్లు, 90 నోట్లు. ఎవరినీ అడగలేదు. ఆ డబ్బాలోంచి పాల పైసలకు, పిల్లల ఆటో పైసలకు కూడా చెయ్యి పెట్టనివ్వలేదు. నాకు ఆమెలో నచ్చింది అదే. ఇంట్లో ఆడమనిషి సంపాదన ఇంటి ఖర్చులో ఉప్పులా కరిగిపోతుంది, ఎంత వేశామో ఎవరికీ కనిపించదు. కనీసం పనిముట్టుకు పెట్టే వంతునైనా కరగనివ్వొద్దు. అమ్మడం మొదలుపెట్టినవాళ్లు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోండి. చిన్న వ్యాపారానికీ అది ఉండాలి. కాగితం మీద మీ పేరు పడుతుంది, పని పనిగా లెక్కకొస్తుంది.

పెళ్లిరోజుకు మిక్సర్ గిఫ్టుగా ఇస్తామనే భర్తలున్నారు. మంచి మనసే. కానీ దాంతో చేసిన కేకు ఇంటిల్లిపాదీ తింటారు, ఆర్డర్ పైసలు ఇంటికే వస్తాయి. మరి అది ఆమెకిచ్చిన కానుక ఎట్లా అవుతుంది? ట్రాక్టర్ టైరు కొని "ఇది నీ పుట్టినరోజు కానుక" అని మా అన్నకు ఎవరైనా ఇచ్చారా? మిక్సర్ ఇంటి ఖాతాలో కొనండి. పెళ్లిరోజుకు ఆమెకు చీరో, పుస్తకమో, ఆమె అడిగిందే తెచ్చివ్వండి.

చివరగా ఒక హెచ్చరిక. మిషన్ వస్తే పని తగ్గుతుందని అందరం అనుకుంటాం. మిక్సీ వచ్చినప్పుడు రోలు పోయింది, నిజమే. కానీ ఒక పచ్చడి ఉన్న చోట మూడు పచ్చళ్లు వచ్చాయి. స్టాండ్ మిక్సర్ వచ్చాక కూడా "మిషనే కదా చేసేది, ఇంకో కేకు చెయ్యరాదూ" అనే మాట వినిపిస్తుంది. ఆడబిడ్డ కొడుకు పుట్టినరోజు, మేనమామ రిటైర్మెంట్, అన్నీ మీ గట్టు మీదికే వస్తాయి. మిషన్ గుడ్లు గిలకొడుతుంది కానీ మైదా జల్లెడ పట్టదు, ఓవెన్ దగ్గర నిలబడదు, గిన్నెలు కడగదు, రాత్రి 11 గంటలకు క్రీమ్ పూలు వెయ్యదు. అది మిగిల్చిన సమయం ఎవరిదో కొన్నరోజే తేల్చుకోవాలి. మా వదిన ఆదివారం ఆర్డర్లు తీసుకోవడం మానేసింది. మిషన్ మీద గుడ్డ కప్పి ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంది.

అందుకని కొనాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఒక నెలరోజులు పాల లెక్క రాసినట్టు ఒక నోటుబుక్ పెట్టండి. ఏ రోజు ఏం కలిపారు, ఎన్ని గ్రాములు, ఎన్ని నిమిషాలు, చెయ్యి నొప్పి పుట్టిందా, ఎంత ఆదాయం వచ్చింది. నెలాఖరున ఆ బుక్కు ఇంట్లో అందరి ముందూ పెట్టండి. కొనాలా వద్దా అన్నది అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఎర్రదా, నల్లదా అన్నది ఆఖర్న చూసుకోవచ్చు.